పూతన పాలు తాగే కణాలు

ఏళ్ల తరబడి మానని చర్మపు మచ్చ క్యాన్సర్ కావచ్చా అని ఒక పాఠకురాలు అడిగారు. చాలాసార్లు కాదు. తామరో, గజ్జో, సోరియాసిసో అయి ఉంటుంది. అయితే పిరుదులు, తొడలు, నడుము వంటి ఎండ తగలని చోట్ల పొలుసుల మచ్చలు ఏ పూతకూ లొంగకపోతే, వైద్యులు చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. అరుదుగా అందులో మైకోసిస్ ఫంగాయిడిస్ బయటపడుతుంది. రోగనిరోధక వ్యవస్థలోని టి-కణాలనే తెల్ల రక్తకణాలు చర్మంలో తిష్ఠవేసి పెరిగే క్యాన్సర్, అంటే టి-కణాల లింఫోమా అది. ఒకరి నుంచి ఒకరికి అంటదు. మన ఊళ్లలో అక్కి లేస్తే ఎర్రమన్నుతో బొమ్మలు రాయిస్తారు. అక్కి కొన్ని వారాల్లో తనంతట తానే తగ్గుతుంది, పేరు మాత్రం రాసినవారికి దక్కుతుంది. ఈ మచ్చల దగ్గర ఆ పప్పులు ఉడకవు.

టి-కణాలు సైటోకైన్లనే అణువులతో కబుర్లు పంపుకుంటాయి. జబ్బు మొదట్లో చర్మంలో ఇంటర్‌ఫెరాన్-గామా అనే సైటోకైన్ జోరు ఎక్కువ. ముదిరేకొద్దీ ఇంటర్‌ల్యూకిన్-4, 5, 13లది పైచేయి అవుతుంది, క్యాన్సర్‌ను వేటాడాల్సిన కణాలు చల్లబడతాయి. నాడుల కొసలను నేరుగా తాకి దురద పుట్టించే ఇంటర్‌ల్యూకిన్-31 మరొకటి. ఇవన్నీ ఒక ఎత్తు, ఇంటర్‌ల్యూకిన్-2 ఒక ఎత్తు.

1976లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో మోర్గాన్, రుసెట్టి, గాలో దీని ఉనికిని పట్టుకున్నారు. మామూలు మానవ టి-కణాలను ప్రయోగశాలలో ఎక్కువకాలం పెంచలేకపోతున్న రోజులవి. ఈ అణువు ఉన్న ద్రవం పోస్తే అవి నెలల తరబడి పెరిగాయి. టి-కణాలకు ఇది చనుబాలన్నమాట. పాలంటూ ఉంటే, వాటిలో విషం కలిపే ఆలోచన ఎవరికో ఒకరికి రాకపోదు.

ఈ చర్మపు లింఫోమాకు ఇచ్చే డెనిల్యూకిన్ డిఫ్టిటాక్స్ అనే మందు అచ్చంగా పూతన. కంఠసర్పి, అంటే డిఫ్తీరియా, బాక్టీరియా విషంలో మూడు భాగాలుంటాయి. ఒకటి కణాన్ని పట్టుకుంటుంది, ఒకటి పొరలో దారి చేస్తుంది, ఒకటి చంపుతుంది. జన్యు ఇంజినీరింగ్‌తో మొదటి భాగాన్ని తీసేసి, ఆ చోట ఇంటర్‌ల్యూకిన్-2ను అతికించారు. పైకి తల్లి రూపం, లోపల విషం.

నోరు తెరిచేదెవరు? ఈ పాలను అందుకునే గ్రాహకానికి ఆల్ఫా, బీటా, గామా అని మూడు గొలుసులు. మూడూ కలిస్తేనే పట్టు బలంగా ఉంటుంది. విశ్రాంతిగా ఉన్న టి-కణాల మీద సాధారణంగా ఆల్ఫా కనిపించదు. ఉత్తేజితమైన కణాల మీద, చాలామంది రోగుల లింఫోమా కణాల మీద కనిపిస్తుంది. పాలు అంటుకోగానే కణం గ్రాహకంతో సహా దాన్ని ఒక సంచిలోకి మింగేస్తుంది. సంచిలో ఆమ్లత పెరుగుతుంది. విషానికి కావలసింది అదే. ఆమ్లంలో దాని మధ్యభాగం రూపు మార్చుకుని పొరలోకి దూరుతుంది, చంపే భాగం కణద్రవంలోకి జారుకుంటుంది. అక్కడ ప్రోటీన్ల తయారీకి తప్పనిసరైన ఇఎఫ్-2 అణువుకు ఏడీపీ-రైబోజ్ అనే చిన్న రసాయన ముక్కను తగిలించి దాన్ని పనికిరాకుండా చేస్తుంది. ఒకదాని తర్వాత ఒకటిగా, అలసట లేకుండా. ఈ చంపే భాగం ఒక్క అణువు లోపలికి చేరినా కణం చావగలదని 1978లో జపాన్ శాస్త్రవేత్తలు చూపారు.

భాగవతంలో శిశువు నెగ్గాడు, ఇక్కడ పూతన నెగ్గాలి. ఆమె ప్రతిసారీ నెగ్గదు. 2024లో ఈ మందుకు అమెరికాలో వచ్చిన అనుమతికి ఆధారమైన పరీక్షలో సుమారు 36 శాతం మందికే జబ్బు గణనీయంగా తగ్గింది. పైగా పాలు తాగేది దోషులు మాత్రమే కాదు. ఆల్ఫా దండిగా ఉండే నియంత్రక టి-కణాలూ ఆబగా తాగి చస్తాయి. ఇది నష్టమనుకుంటాం గానీ, రోగనిరోధక దాడిని అణచిపెట్టేవి అవే కనుక వాటి చావు రోగికి మేలు చేయవచ్చు. రక్తకేశనాళికల నుంచి ద్రవం కారిపోవడం మాత్రం నిజమైన ప్రమాదం. అందుకే బరువు, వాపు, రక్తపోటు, రక్తంలోని అల్బుమిన్ అనే ప్రోటీన్ గమనిస్తూ ఇస్తారు.

1999లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందు తయారీ చిక్కుల వల్ల 2014లో మార్కెట్ నుంచి తప్పుకుంది. శుద్ధిచేసిన రూపంలో 2024 ఆగస్టులో మళ్లీ అనుమతి వచ్చింది. దీనికి ఒక అడ్డంకి మనందరి ఒంట్లోనూ ఉండవచ్చు. పసివాళ్లకు ఆరు, పది, పద్నాలుగు వారాల వయసులో వేసే పెంటావలెంట్ టీకాలో నిర్వీర్యం చేసిన కంఠసర్పి విషమూ ఉంటుంది. దానివల్ల పుట్టే ప్రతిరక్షకాలకు తల్లి వేషం పట్టదు, విషాన్ని గుర్తుపట్టి దారిలోనే పట్టుకుంటాయి. చాలామంది రోగుల రక్తంలో మొదటి మోతాదుకు ముందే అవి కనిపించాయి.