ముగ్గూ మిగ్గూ

బందరు,
ధనుర్మాసం, తెల్లవారుజాము

చిరంజీవి సాత్విక్‌కి, ఈ ఉత్తరం వాడి చేతిలోంచి లాక్కుని ముందే చదివేసే హాసినికి, తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో నువ్వడిగింది నానమ్మకి అర్థం కాలేదు గానీ నాకు అర్థమైందిరా. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మన మిగ్-21 యుద్ధవిమానాలకి వీడ్కోలు చెప్పడం టీవీలో చూసి, మీ నాన్న చేత ఆ విమానం బొమ్మ కిట్ కొనిపించుకున్నావు. అతికించావు. బ్రష్‌తో రంగు వేస్తే రెక్కల మీద చారలు పడ్డాయి. సరే, గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ కొందామని వెళ్తే షాపతను సింగిల్ యాక్షనా, డబుల్ యాక్షనా, రంగు బయటికొచ్చే నాజిల్ మూతి 0.2 మిల్లీమీటర్లదా, 0.5దా అని నీకు టెన్షన్ పెట్టాడు. అంతేగా?

ముందు చారల సంగతి. నీ కిట్ 1/72, అంటే అసలు విమానంలో డెబ్భై రెండో వంతు. దాదాపు 15 మీటర్ల విమానం నీ చేతిలో 20 సెంటీమీటర్లకి వచ్చింది. విమానం చిన్నదైంది గానీ రంగు చిన్నది కాలేదు. బ్రష్ వదిలిన గట్టు మిల్లీమీటరులో పదో వంతే అనుకో. దాన్ని 72తో హెచ్చవేస్తే అసలు విమానం మీద 7 మిల్లీమీటర్లు! పొలం గట్లేసుకుని ఎగిరే విమానాన్ని ఎక్కడన్నా చూశామా? అందుకే రంగుని గాలితో మంచులా చేసి, పల్చగా, పొర మీద పొరగా వేయాలి.

అది ఎలాగంటే, ముగ్గు వేసినట్టు. ఇప్పుడు కిటికీలోంచి చూస్తూనే రాస్తున్నాను. నానమ్మ కళ్లాపి చల్లి కూర్చుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి. వేళ్లు బిగిస్తే సన్న గీత, వదిలితే లావు గీత. చెయ్యి నేలకి దగ్గరగా ఉంటే గీత తీరుగా వస్తుంది, పైకెత్తితే పిండి చెదురుతుంది. డబుల్ యాక్షన్ అంటే ఇదే. మీట కిందికి నొక్కితే గాలి వస్తుంది, వెనక్కి లాగితే రంగు వస్తుంది, ఎంత లాగితే అంత. లోపల ఒక సూది నాజిల్‌లో బిరడాలా కూర్చుని ఉంటుంది. నువ్వు లాగిన కొద్దీ అది వెనక్కి జరిగి రంగుకి దారి ఇస్తుంది. సింగిల్ యాక్షన్ మాత్రం తిరనాళ్లలో అమ్మే ముగ్గు గొట్టం లాంటిది. ఎంత రంగు రావాలో ముందే స్క్రూ తిప్పి పెట్టుకోవాలి, నొక్కితే అంతే వస్తుంది. పని అవుతుంది గానీ చెయ్యి తిరగదు.

కాబట్టి డబుల్ యాక్షనే తీసుకో. రంగు కప్పు పైన ఉండే రకం, 0.3 నాజిల్. 0.2 ముచ్చటగా ఉంటుంది గానీ మాటిమాటికీ పూడుకుపోయి నిన్ను ఏడిపిస్తుంది. 0.5 పెద్ద బొమ్మలకీ, రంగు కింద ముందుగా వేసే ప్రైమర్ పూతకీ పనికొస్తుంది.

పిండి తడిస్తే ముద్ద, బరకగా ఉంటే గీత తెగుతుంది. రంగూ అంతే. కప్పు గోడ మీద ఒక చుక్క వేసి చూడు, పాలలా జారాలి. పెరుగులా పట్టుకుందంటే ఇంకాస్త థిన్నర్ పోయాలి. గాలి ఒత్తిడి 15 నుంచి 20 పీఎస్ఐ (ఒత్తిడికి కొలత అది) దగ్గర మొదలుపెట్టు. ఇక్కడ నా పోలిక కొంచెం కుంటుతుందిలే, నానమ్మ వేళ్లలో గాలి కొట్టే కంప్రెసర్ లేదు.

గాలి మాట వచ్చింది కాబట్టి చెప్తాను. నా పదో ఏట మా ఇంట్లో దోమల మందు కొట్టే ఫ్లిట్ పంపు ఉండేది. దాని డబ్బాలో నీలిమందు నీళ్లు పోసి, గాలిపటానికి ఆకాశం రంగు వేద్దామని పెరట్లోకి పట్టుకెళ్లాను. పంపు గాలి గొట్టం మూతి మీదుగా పోతుంటే కింద ఉన్న నీళ్లు వాటంతటవే పైకి ఎక్కి తుంపరైపోయేవి. ఎందుకు ఎక్కుతాయో మీ సైన్స్ మాస్టారు బోర్డు మీద చెప్తారు, నేను ఇప్పటికీ నోరు తెరుచుకుని చూస్తాను. దగ్గరగా పట్టుకున్న చోట నీలం కారింది. దూరంగా పట్టుకున్న చోట గాలిపటం తప్పించుకుంది గానీ మా నాన్న ఆరేసుకున్న పంచె తప్పించుకోలేకపోయింది. నలభై గుంజీలు. గోడ మీది నీలం చుక్కలు ఉగాదికి సున్నం వేసేదాకా ఉన్నాయి.

నీకూ అవే రెండు తప్పులు ఎదురవుతాయి చూడు. మరీ దగ్గరగా పట్టుకుని, పల్చటి రంగు మీద గాలి గట్టిగా వదిలావో, అది సాలీడు కాళ్లలా నలుదిక్కులా పరిగెడుతుంది. మరీ దూరమైతే దారిలోనే ఆరిపోయి రెక్క మీద ఇసుకలా గరుగ్గా పడుతుంది.

కంప్రెసర్ ట్యాంకు ఉన్నదే కొనమను మీ నాన్నని. లేకపోతే గాలి కుట్టుమిషన్‌లా టకటకమని వస్తుంది. ట్యూబుకి, గాలిలో చెమ్మని పట్టేసే మాయిశ్చర్ ట్రాప్ పెట్టించు. మా బందరు గాలిలో చెమ్మ ఎక్కువ. పోయిన వానాకాలం అది లేకుండా పనికి కూర్చున్నాను. ట్యూబులో చేరిన ఒక్క నీటి చుక్క, మూడు పొరలు వేసిన రెక్క మీద ఠప్పున పడింది. నానమ్మ వినకూడని మాట ఒకటి అన్నాను. వింది.

మాస్క్ పెట్టుకో, కిటికీ తెరువు. నీళ్లతో కలిపే రంగే కదా అని ఊరుకోకు, ఆ మంచు ఊపిరితిత్తుల్లోకి పోతే నీళ్లలా ఊరుకోదు. రంగు మార్చిన ప్రతిసారీ కడుగు. కొనేటప్పుడున్న సరదా కడిగేటప్పుడు ఎవరికీ ఉండదు, నాకూ ఉండేది కాదు, ఎండిపోయిన నాజిల్‌ని పారేసేదాకా. సూది బయటికి తీసేటప్పుడు మొన దేనికీ తగలకూడదు. కాస్త వంగినా రంగు పక్కకి చిమ్ముతుంది.

మిగ్ జోలికి మాత్రం అప్పుడే పోకు. కప్పులో నీళ్లు పోసి, రెండు చుక్కల రంగు కలిపి, పాత పేపరు మీద ఐదు చుక్కలు, ఐదు వరసలు పెట్టు. తర్వాత వాటిని గీతలతో కలుపు. చుక్క చిక్కగా, చిన్నగా రావాలి. గీతకి ముందు గాలి వదలాలి, తర్వాత రంగు. ఆపేటప్పుడు ముందు రంగు, తర్వాత గాలి. హాసినికీ ఒక పేపరు ఇవ్వు, నీకంటే బాగా వేస్తే ఏడవకు.

సంక్రాంతి సెలవులకి వచ్చేటప్పుడు విమానాన్ని అట్టపెట్టెలో దూది పెట్టి తీసుకురా. మర్నాడు ఐదింటికి లేపుతాను. స్వెటర్ వేసుకుని, మాట్లాడకుండా అరుగు మీద కూర్చుని నానమ్మ చెయ్యి చూడు. పిండి నేల మీద పడకముందే చెయ్యి కదలడం మొదలవుతుంది. గీత అయిపోయాక కూడా ఇంకాస్త దూరం వెళ్తుంది. ఎంత దూరమో కొలిచి నాకు చెప్పు.

మీ తాతయ్య