బిళ్ల కట్టిన చోట బతుకు పోటీ

కాలిలో ముల్లు దిగి చీము పడితే గజ్జల్లో బిళ్ల కడుతుంది. వేలితో నొక్కితే చింతగింజలా గట్టిగా తగులుతుంది. అది లింఫ్ గ్రంథి. క్రిమి ఒంట్లో చేరిన వారం పది రోజులకు ఇలాంటి గ్రంథుల లోపలే, క్రిమిని పట్టుకునే ప్రోటీన్లైన యాంటీబాడీలకు పదును పెట్టే పని జోరందుకుంటుంది.

పదును పెట్టడమంటే క్రిమి ఆకారం చూసి చెక్కడం కాదు. యాంటీబాడీలను తయారుచేసే తెల్ల రక్తకణాలు, అంటే అక్కడి బి కణాలు, తమ యాంటీబాడీ జన్యువులను తామే కెలుక్కుంటాయి. ఏఐడీ అనే ఎంజైము వల్ల ఆ జన్యువుల్లో మార్పులు మామూలు కంటే సుమారు పది లక్షల రెట్లు వేగంగా పుడతాయి. గుడ్డి మార్పులు కాబట్టి చాలా కణాలకు ఉన్న పట్టు కూడా పోతుంది. ఏ కొన్నింటికో బిగుస్తుంది. ఆ కొన్నింటిని ఏరేది ఎవరు?

పక్కనే కొద్ది సంఖ్యలో ఉండే సహాయక టి కణాలు అనే మరో రకం తెల్ల రక్తకణాలు. క్రిమి తునకలను ఎక్కువగా లాక్కున్న బి కణమే వాటి కంటపడుతుంది. అప్పుడు టి కణం తన మీదున్న సీడీ40 లిగాండ్ అనే ప్రోటీనుతో దాన్ని తాకి, ఇంటర్‌ల్యూకిన్-21, ఇంటర్‌ల్యూకిన్-4 అనే సంకేతాలు అందిస్తుంది. అందుకున్నది విభజన చెందుతుంది, అందనిది చస్తుంది. ఈ సంకేతాలకు టైఫాయిడ్ తెలియదు, ఫ్లూ తెలియదు. క్రిమి గురించిన కబురు వాటిలో ఒక్క ముక్క ఉండదు. అయినా ఏ యాంటీబాడీ మిగలాలో తేలేది వాటి కరువు వల్లే. సీడీ40 లిగాండ్ జన్యులోపంతో పుట్టిన మగపిల్లలకు ఈ పోటీ కేంద్రాలే ఏర్పడవు. వాళ్ల రక్తంలో తొలి దశ ఐజీఎం యాంటీబాడీలు ఉంటాయి కానీ తర్వాతి దశలో రావలసిన ఐజీజీ రకం చాలా తక్కువ.

కరువు మాట ఊరికే అనలేదు. 1964లో హెర్మన్ ఐసెన్, గ్రెగరీ సిస్కిండ్ కుందేళ్లకు ఒక రసాయనాన్ని ప్రోటీనుకు తగిలించి ఎక్కించారు. వారాలు గడిచేకొద్దీ వాటి యాంటీబాడీల పట్టు పెరిగింది. తక్కువ మోతాదు ఇచ్చిన కుందేళ్లలోనే పట్టు ఎక్కువ! దొరికేది కొంచెమైతే గట్టిగా పట్టినదే గెలుస్తుంది మరి.

కరువు తీరిపోతే? బి కణాల్లో చాలావాటికి బతకడానికి కావలసిన మరో సంకేతం బ్యాఫ్. సొంత శరీరాన్నే పట్టుకునే బి కణాలకు ఇది మిగతావాటి కంటే ఎక్కువ కావాలి. మామూలుగా అంత దొరకదు కనుక అవి పోటీలో రాలిపోతాయి. బ్యాఫ్ అతిగా తయారయ్యేలా మార్చిన ఎలుకల్లో అలాంటివి కొన్ని తప్పించుకున్నాయి, ఎలుకలకు, యాంటీబాడీలు సొంత శరీరం మీదే దాడి చేసే లూపస్ లాంటి జబ్బు వచ్చింది. లూపస్ రోగుల్లో చాలామంది రక్తంలోనూ బ్యాఫ్ ఎక్కువే.

ఆ తప్పించుకున్నవాటి పనిని కంటితో చూడవచ్చు. మనిషి కణాలు పరచిన గాజు పలక మీద రోగి సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) వేసి, కడిగి, రోగి యాంటీబాడీలను పట్టే, మెరిసే రంగు తగిలించిన మరో యాంటీబాడీ పోస్తారు. మైక్రోస్కోపు కింద నల్లటి నేపథ్యంలో కణకేంద్రకాలు ఒక్కొక్కటీ పచ్చగా వెలుగుతాయి. కణకేంద్రకాన్ని పట్టే యాంటీబాడీల కోసం డాక్టర్లు రాసే ఏఎన్ఏ పరీక్ష ఇదే. చూడ్డానికి అందంగా ఉంటుంది, అదే బాధ.

బ్యాఫ్‌ను అడ్డుకునే బెలిముమాబ్ మందుకు 2011లో అమెరికా అనుమతి వచ్చింది. అది అందరికీ పనిచేయదు. ఐతే వాడేవాళ్లలో పాత టీకాల యాంటీబాడీలు చాలావరకు నిలిచే ఉంటాయి: వాటిని చేసే కణాలు ఎప్పుడో ఎముక మజ్జలో స్థిరపడ్డాయి, వాటి బతుకు ఒక్క బ్యాఫ్ మీదే ఆధారపడి లేదు.