శ్లాబు దాటితే చేతికొచ్చేది తగ్గిపోతుందా?

మార్చి వచ్చిందంటే నాకు ఒకే రకం ఫోన్లు. "ఆడిటర్ గారూ, ఈ బోనస్ తీసుకుంటే ఆదాయపు పన్ను శ్లాబు మారిపోతుందట. వచ్చే ఏడాదికి జరపమని అడగమంటారా?" అడిగేవాళ్ల టెన్షన్ నిజమైనదే, వాళ్ల మీద కోపం రాదు. వాళ్లకి ఆ మాట ఎక్కించిన ఆఫీసు మేధావి దొరికితే బాగుండనిపిస్తుంది.

అపోహ: శ్లాబు, అంటే ఒక్కో రేటు పడే ఆదాయపు మెట్టు, దాటితే మొత్తం ఆదాయానికీ కొత్త రేటే.

వాస్తవం: దాటిన ముక్కకే. 2025-26 కొత్త విధానంలో 16 లక్షలు దాటితే 20 శాతం. ఆపైన 10,000 వస్తే పన్ను 2,000, ఆ పన్ను మీద పడే సెస్ 80. మిగిలిన 7,920 మీవే. కింది 16 లక్షల లెక్క పైసా కూడా మారదు.

కొన్నేళ్ల కిందట ఒకాయన ఈ భయంతోనే ప్రమోషన్ వద్దని రాసిచ్చి మరీ వచ్చాడు. లెక్క వేసి చూపిస్తే ఏమీ మాట్లాడలేదు. పక్కనున్న భార్యే మాట్లాడింది, చాలాసేపు.

అయితే ఈ పుకారు ఒక్క చోట నిజమవుతుంది. జీతంలోంచి నేరుగా తీసేసే స్టాండర్డ్ డిడక్షన్ పోగా 12 లక్షల వరకు రిబేటు, అంటే పన్ను మాఫీ, వల్ల జీతగాడికి పన్ను లేదు. 12,10,000 అయితే మామూలు లెక్కన 61,500 పడాలి. 12 లక్షలు దాటిన మొత్తాన్ని పన్ను మించకుండా చూసే మార్జినల్ రిలీఫ్ దాన్ని 10,000కి తగ్గిస్తుంది. సెస్‌తో 10,400. అంటే ఎక్కువ వచ్చిన పదివేలూ పోయి, ఎదురు 400 మనమే పెట్టుకోవాలి! సుమారు 12,70,000 దాకా ఇదే వరస.

స్వేచ్ఛా మార్కెట్ వైపు మొగ్గేవాడిగా నా గోల ఇదే. మనిషి ఇంకో గంట పనిచేయాలా వద్దా అని తేల్చుకునేది మొత్తం పన్ను చూసి కాదు, రాబోయే రూపాయిలో తనకెంత మిగులుతుందో చూసి. 1973-74లో మన దేశంలో ఆదాయపు పన్ను అత్యధిక రేటు, పన్ను మీద వేసే సర్‌ఛార్జితో కలిపి, 97.75 శాతం. వందకి రెండుంపావు మిగిలితే ఎవడు లెక్క చూపిస్తాడు? ఎగవేతకి మొదటి కారణం ఈ రేట్లేనని నల్లధనం, పన్ను ఎగవేతల మీద ప్రభుత్వం వేసిన వాంఛూ కమిటీ అప్పటికే చెప్పింది. 1974 బడ్జెట్‌లో 77కి దించారు. 1997లో 30కి వచ్చింది.

మిగతా అపోహలు గబగబా. తక్కువ పన్ను కోరేవాళ్లు ప్రభుత్వమే వద్దంటారన్నది తప్పు. కోర్టులు, పోలీసులు లేకుండా మార్కెట్టే లేదు. రేటు తగ్గిస్తే వసూళ్లు పెరిగి తీరతాయన్నది మావాళ్ల అపోహ. 97 నుంచి దించడం వేరు, 30 నుంచి దించడం వేరు. కంపెనీ పన్ను కంపెనీయే మోస్తుందా? వాటాదారు, ఉద్యోగి, కొనేవాడు తలా కొంత మోస్తారు. పేదవాడు పన్ను కట్టడన్నవాళ్లు సబ్బు బిల్లు మీద జీఎస్టీ చూడలేదేమో.

బోనస్ సంగతి అంటారా, అది కలిశాక మీ అంకె 12 లక్షలు దాటిన ఆ 70 వేల గుంతలో పడుతుంటే ఫోన్ చేయండి, కూర్చుని చూద్దాం. లేదంటే సంతకం పెట్టి తీసుకోండి.