‘టీచరు చెప్పకూడదు, పిల్లలే తెలుసుకోవాలి’ – అపోహలు, వాస్తవాలు

అడ్మిషన్ల సీజన్ వచ్చిందంటే కూకట్‌పల్లి నుంచి ఎల్బీనగర్ దాకా తల్లిదండ్రులది ఒకటే గోల. ఈ స్కూల్లో అన్నీ యాక్టివిటీలే, ఏమీ చెప్పరట. ఆ స్కూల్లో అంతా బట్టీయేనట. వాళ్ల బెంగ అర్థం చేసుకోదగ్గదే. దాన్ని పెంచే బ్రోచర్లనే భరించలేం.

అపోహ: కన్‌స్ట్రక్టివిజం (పిల్లలు జ్ఞానాన్ని తామే కట్టుకుంటారన్న సిద్ధాంతం) అంటే టీచరు నోరు విప్పకూడదు.

వాస్తవం: ఈ సిద్ధాంతానికి మూలపురుషుల్లో ఒకడైన స్విస్ మనస్తత్వవేత్త పియాజే చెప్పింది బుర్ర ఎలా పనిచేస్తుందో. కొత్త విషయం పాత ఊహ మీదే వచ్చి కూర్చుంటుంది. పాఠం ఎలా చెప్పాలన్నది వేరే ప్రశ్న. ఋతువుల పాఠమే తీసుకోండి. ఎండాకాలంలో భూమి సూర్యుడికి దగ్గరవుతుందన్న ఊహతోనే చాలామంది పిల్లలు (పెద్దలూ) వస్తారు. ముందు దాన్ని కాగితం మీద రాయించండి. తర్వాత లెక్క చూపండి: భూమి అతి దగ్గరగా ఉండేది జనవరి మొదటివారంలో, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు, జులైలో 15.2 కోట్లు. మరి జనవరిలో హైదరాబాద్‌లో స్వెటర్లెందుకు? వాదన మొదలవుతుంది, కానివ్వండి.

ఆపై డాబా మీద మీటరు కర్ర నిలబెట్టండి. మధ్యాహ్నం 12:15 ప్రాంతంలో, డిసెంబర్ 22న నీడ ఉత్తరంగా దాదాపు 86 సెంటీమీటర్లు. మే 9 ప్రాంతంలో నీడే ఉండదు. కర్రను తూకం గుండుతో సరిచూడాలి, ఒక డిగ్రీ ఒరిగినా రెండు సెంటీమీటర్ల దాకా తేడా వస్తుంది. చాలా క్లాసులు ఇక్కడే ఆగిపోతాయి. కొలత నోట్సులోకి ఎక్కుతుంది, ఊహ చెక్కుచెదరదు. ఎండ ఏటవాలుగా పడితే ఎక్కువ నేల మీద పరుచుకుని వేడి తగ్గుతుందనీ, దానికి మూలం భూమి అక్షానికున్న 23.5 డిగ్రీల వాలనీ కర్రను చూసి ఏ పిల్లాడూ కనిపెట్టలేడు. గ్లోబు పట్టుకుని టీచరు చెప్పి తీరాలి. మూడు వారాలాగి అడగండి: ఆస్ట్రేలియాలో డిసెంబర్‌లో ఎండలెందుకు? పాత ఊహ మిగిలుంటే అక్కడ దొరికిపోతుంది.

మిగతావి చకచకా. ‘మావాడు విజువల్ లెర్నర్ (చూస్తేనే నేర్చుకునే రకం)’: 2008లో మనస్తత్వవేత్త పాష్లర్ బృందం పరిశోధనలు జల్లెడ పట్టినా, శైలిని బట్టి బోధిస్తే మేలనడానికి ఒప్పుకోదగ్గ ఆధారం దొరకలేదు. పిల్లల తెలివి, శైలి చెబుతామనే వేలిముద్రల టెస్టులకైతే రూపాయి కూడా కట్టకండి. సాధన చేయించి, మెచ్చుకుని నేర్పాలన్న మనస్తత్వవేత్త స్కిన్నర్ పాతబడ్డాడని ఎక్కాలు మానిపించొద్దు. అవి నోటికి రాకపోతే భిన్నాల దగ్గర పిల్లాడి ధ్యాసంతా గుణకారానికే పోతుంది.

పదేపదే చదివితే గుర్తుంటుందా? మనస్తత్వవేత్తలు రోడిగర్, కార్పికీల 2006 ప్రయోగంలో ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత మాత్రం గుర్తున్నది రాసి చూసుకున్నవాళ్లకు 56 శాతం గుర్తుంది, మళ్లీ చదివినవాళ్లకు 42. చదివాక పుస్తకం మూయించి రాయించండి, వదిలేసినవి ఎర్రపెన్నుతో చేర్చమనండి.