తొమ్మిది సీట్లు పదైన కథ

అమ్మానాన్నలకు అమెరికా టికెట్లు తీసేటప్పుడు మనవాళ్లు ఏ విమానమని అడుగుతారు. వరుసకు ఎన్ని సీట్లని అడగరు. అసలు అడగాల్సింది అదే.

బోయింగ్ 777 విమానం 1995 జూన్‌లో యునైటెడ్ సంస్థ తరఫున తొలిసారి ప్రయాణికులతో ఎగిరింది. లోపలి వెడల్పు సుమారు 5.86 మీటర్లు. ఎకానమీలో వరుసకు 9 సీట్లు, ఒక్కోటి దాదాపు 18.5 అంగుళాలు. తర్వాత ఎమిరేట్స్ వంటి సంస్థలు పదో సీటు ఇరికించాయి. విమానం పెరగలేదు, సీటే 17 అంగుళాలకు తగ్గింది. 30 వరుసలుంటే 30 టికెట్లు అదనం. ఆ లెక్క చూశాక చాలా సంస్థలు అదే దారి పట్టాయి.

ఒకటిన్నర అంగుళమే కదా అనుకోవద్దు. మా అమ్మ మధ్య సీట్లో కూర్చుని, మోచేతులు డొక్కలకు అదిమిపెట్టుకుని పెరుగు డబ్బా మూత తీయడం నేను పక్కనుండి చూశాను. దిగేదాకా ఆ చేతులు అలాగే ముడుచుకుని ఉన్నాయి.

బోయింగ్ 787దీ అదే కథ. వరుసకు 8 సీట్లతో హాయిగా ఉండేలా ఊహించిన విమానంలో చాలా సంస్థలు 9 పెట్టాయి. అంతర్జాతీయ ప్రయాణాల్లో 8తోనే నిలబడింది జపాన్ ఎయిర్‌లైన్స్. 777 కంటే సన్నదైన ఎయిర్‌బస్ ఏ350లో మాత్రం 9 సీట్లకూ 18 అంగుళాలు దక్కుతాయి. అందులోనూ 10 పెట్టిన సంస్థలు లేకపోలేదు.

గాలి విషయంలో మాత్రం కొత్త విమానాలు నిజంగా మేలు. పాత అల్యూమినియం విమానాల్లో లోపలి గాలి 8,000 అడుగుల ఎత్తున ఉన్నంత పలచబడవచ్చు. అంటే ఊటీ కంటే పైన కూర్చున్నట్టే. 787, ఏ350ల కార్బన్ ఫైబర్ ఒళ్లు ఎక్కువ ఒత్తిడిని తట్టుకుంటుంది కాబట్టి ఆ పలచదనం 6,000 అడుగుల దగ్గరే ఆగుతుంది. తేమకు తుప్పు పట్టే భయమూ తక్కువ కాబట్టి లోపలి గాలిని కాస్త తేమగా ఉంచగలరు. గొంతు ఎండిపోవడం, తలనొప్పి అంతగా ఉండవు.

సీట్లు కుదించుకుపోవడంపై 2017లో అమెరికా అప్పీళ్ల కోర్టు ప్రయాణికుల సంఘం మాట విని, విషయాన్ని మళ్లీ చూడమని అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏకు చెప్పింది. కనీస కొలతలు నిర్ణయించాలని 2018లో అక్కడి కాంగ్రెస్ చట్టమే చేసింది. అయితే ఎఫ్‌ఏఏ పరీక్షించింది సౌకర్యాన్ని కాదు, ప్రమాదంలో ఎంత త్వరగా బయటపడగలరన్నదాన్ని. ఆ పరీక్షలకు పిలిచింది ఆరోగ్యంగా ఉన్న, 60 ఏళ్లలోపు పెద్దవాళ్లనే. మా అమ్మ వయసువాళ్లు అందులో ఒక్కరూ లేరు.