ఇంటిపేరు హెర్బర్ట్, సొమ్ము క్లైవ్‌ది

వేల్స్‌లో వెల్ష్‌పూల్ ఊరి పక్కన, గుట్ట మీద ఎర్రరాతి కోట ఒకటుంది. పేరు పోవిస్. లోపల ఒక గదిలో అద్దాల వెనక టిప్పు సుల్తాన్ సామాను పెట్టారు. పువ్వుల అద్దకం వేసిన నూలు గుడారం ఉంది. ఆయన సింహాసనం అంచున ఉండిన చిన్న పులి తలల్లో ఒకటి ఉంది: బంగారు తాపడం, దాని మీద కెంపులు, పచ్చలు, వజ్రాలు. ఇండియా నుంచి, ఇంకా తూర్పు దేశాల నుంచి తెచ్చినవి అన్నీ కలిపి వెయ్యికి పైనే.

బ్రిటన్‌లో వంశపారంపర్య లార్డుల మీద చర్చ రేగినప్పుడల్లా నాకు ఈ కోట గుర్తొస్తుంది. 1999లో ఆరు వందల మందికి పైగా లార్డులు పార్లమెంటు పైసభ అయిన లార్డుల సభలో కుర్చీ పోగొట్టుకున్నారు. అప్పుడు మిగిల్చిన 92 సీట్లను కూడా తీసేయడానికి 2024 సెప్టెంబరులో బిల్లు పెట్టారు. ఈ కోట వంశపు లార్డు, అంటే పోవిస్ ఎర్ల్‌కు 1999లోనే సీటు పోయింది కాబట్టి ఆ బిల్లుతో ఆయనకు కొత్తగా వచ్చే నష్టమేమీ లేదు. కోటలో సామాను ఎవరిదన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

ఆ సామాను కోటకు చేరింది క్లైవ్ కుటుంబం వల్ల. ప్లాసీ యుద్ధం సంగతి ఇక్కడ చెప్పను. మీర్ జాఫర్ కథ అందరం స్కూల్లో చదివిందే. నా లెక్కలో ఈ కుటుంబం కథను తిప్పింది 1757 నాటి యుద్ధం కాదు, 1784లో జరిగిన ఒక పెళ్లి.

దానికి ముందు ఒక్క విషయం. రాబర్ట్ క్లైవ్‌కు 1762లో లార్డు బిరుదు ఇచ్చారు గానీ అది ఐర్లండ్ లెక్కలో ఇచ్చారు. ఐర్లండ్ బారన్‌కు లండన్‌లోని లార్డుల సభలో చోటుండదు. ఐర్లండ్‌లో క్లేర్ కౌంటీలోని తన ఎస్టేట్‌కు ప్లాసీ అని పేరు పెట్టుకుని 'బారన్ క్లైవ్ ఆఫ్ ప్లాసీ' అనిపించుకున్నాడు. పాత కుటుంబాల వాళ్లు మాత్రం ఇండియాలో డబ్బు చేసుకుని వచ్చిన ఇలాంటి వాళ్లను 'నెబాబ్' అని ఎగతాళి చేసేవాళ్లు. మన నవాబు మాటే, వెటకారంగా వాడుకున్నారు.

ఆ వెటకారం నుంచి కుటుంబాన్ని బయటపడేసింది కొడుకు ఎడ్వర్డ్ పెళ్లి. పెళ్లికూతురు హెన్రియెట్టా హెర్బర్ట్, పోవిస్ ఎర్ల్ చెల్లెలు. వాళ్లది తరాల నాటి పేరు, బాగుచేసే దిక్కులేని కోట, పైగా అప్పులు. క్లైవ్‌ల దగ్గర ఉన్నది రొక్కం. ఇలాంటి సంబంధాలు మనకేం వింత కాదు, జమీందారీ ఇళ్లలో బోలెడు చూశాం.

1801లో హెన్రియెట్టా అన్న పెళ్లి చేసుకోకుండానే చనిపోయాడు. దాంతో పోవిస్ ఎర్ల్ బిరుదు ఆగిపోయింది. మూడేళ్లకే, 1804లో, అదే బిరుదును కొత్తగా సృష్టించి బావగారు ఎడ్వర్డ్ క్లైవ్‌కు ఇచ్చారు. ఆస్తి మాత్రం మేనల్లుడికి రాసిపెట్టి ఉంది, అదీ ఒక షరతు మీద: హెర్బర్ట్ ఇంటిపేరు పెట్టుకోవాలి. 1807లో ఆ కుర్రాడు రాజు అనుమతితో పేరు మార్చుకున్నాడు. ప్లాసీ క్లైవ్ సొంత మనవడు కాగితాల మీద హెర్బర్ట్ అయిపోయాడు. తర్వాత కోటకు మరమ్మతులు మొదలయ్యాయి.

ఈ పేరు మార్పు వల్ల జరిగిన మేలు చిన్నది కాదు. 2020లో క్లైవ్ విగ్రహం తీసేయాలని ష్రూస్‌బరీలో గొడవ జరిగింది. అక్కడి కౌన్సిల్ ఉంచాలనే తీర్మానించింది. విగ్రహం చుట్టూ అంత రగడ జరుగుతుంటే, ముప్పై కిలోమీటర్ల దూరంలో సామాను ఉన్న కోట దగ్గరికి పెద్దగా ఎవరూ పోలేదు. పోవిస్ అంటే చాలామందికి మధ్యయుగపు వెల్ష్ కోట, మెట్లు మెట్లుగా దిగే తోట. క్లైవ్ అనే పేరు గేటు దగ్గర కనిపించదు.

టిప్పు సామాను అక్కడికి ఎలా చేరింది? ఎడ్వర్డ్ 1798 నుంచి 1803 దాకా మద్రాసు గవర్నరు. పెద్ద సమర్థుడని పేరేమీ లేదు. టిప్పు మీద యుద్ధం నడపడానికి గవర్నర్ జనరల్ వెల్లెస్లీ స్వయంగా మద్రాసొచ్చి కూర్చున్నాడు. 1799 మే 4న శ్రీరంగపట్నం పడిపోయింది. సింహాసనాన్ని ముక్కలు చేశారు, దోచిన సొత్తును హోదాను బట్టి పంచుకున్నారు, మిగతావి వేలం వేశారు. మరుసటి ఏడాది హెన్రియెట్టా ఇద్దరు కూతుళ్లను వెంటబెట్టుకుని నెలల తరబడి దక్షిణాదిలో తిరిగింది. వెల్లూరు, బెంగళూరు, శ్రీరంగపట్నం, తిరుచ్చి, తంజావూరు. ఆ ప్రయాణంలో డైరీ రాసిన చిన్న కూతురు షార్లెట్ పేరు మీదే, నర్సరీల్లో దొరికే నారింజ రంగు క్లివియా పువ్వుకు ఆ పేరొచ్చింది. అన్న వదిలేసిన ఇంటిపేరు పూలకుండీలో మిగిలింది.

తెలుగువాళ్లు ఇక్కడ కాస్త ఆగాలి. టిప్పు నుంచి 1792లోనూ 1799లోనూ నిజాం వాటాకు వచ్చిన నేలనే 1800లో కంపెనీ తన సైన్యం ఖర్చు కింద రాయించుకుంది. కడప, అనంతపురం, బళ్లారి ప్రాంతాలు 'దత్త మండలాలు' అయింది అప్పుడే, అదీ ఈ ఎడ్వర్డ్ గవర్నరుగా ఉండగా. గుడారం పోవిస్‌కు పోయినా, మన సీమ మద్రాసు ప్రెసిడెన్సీకి పోయినా మూలం ఆ యుద్ధాలే. తండ్రి 1765లో షా ఆలం చేత ఉత్తర సర్కారులకు ఫర్మానా రాయించుకున్నాడు. అంటే కోస్తాకు తండ్రి, సీమకు కొడుకు.

కుటుంబం తరఫున మాట్లాడేవాళ్లు చెప్పేది ఇది: అన్నీ దోచినవి కావు, కొన్ని వేలంలో డబ్బిచ్చి కొన్నారు, కొన్ని కానుకగా వచ్చాయి, ఆ రోజుల్లో అది చట్టబద్ధమే. నిజమే, డబ్బిచ్చే కొన్నారు. వేలం వేసినవాళ్లూ పాట పాడినవాళ్లూ ఒకే సైన్యం, ఒకే కంపెనీ.

తర్వాతి కథ గబగబా చెప్పొచ్చు. పేరు మార్చుకున్న ఆ మనవడు 1848లో వేటకు వెళ్లి, పొరపాటున సొంత కొడుకు తుపాకీ పేలి చనిపోయాడు. నాలుగో ఎర్ల్ కొడుకులిద్దరూ యుద్ధాలకు బలయ్యారు, ఒకరు 1916లో, ఒకరు 1943లో. 1952లో ఆయన పోతూ కోటను, పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకు రాశాడు, బిరుదు దాయాదులకు వెళ్లింది. లోపలి సామానంతా ట్రస్ట్‌ది కాదు, కొంత కుటుంబ ఎస్టేట్ అరువుగా ఇచ్చినదే. 2020లో ట్రస్ట్ వలస పాలనతో సంబంధమున్న తన 93 ఆస్తుల జాబితా వేసి పోవిస్‌ను అందులో చేర్చింది. చేర్చినందుకు కొందరు ఎంపీలు ట్రస్ట్ మీదే విరుచుకుపడ్డారు.

వలసకాలపు వస్తువుల ధర ఎంతో తెలియాలంటే 2004 చూడాలి. నలభై ఏళ్లుగా లండన్‌లోని ఒక మ్యూజియంలో అరువు మీద ఉన్న క్లైవ్ వస్తువులు కొన్ని క్రిస్టీస్ వేలానికి వచ్చాయి. రత్నాలు పొదిగిన మొఘల్ కాలపు జేడ్ రాతి సీసా ఒక్కటే 29 లక్షల పౌండ్లు దాటింది.

ఇంటిపేరు మారి రెండు వందల ఏళ్లు దాటింది. పోవిస్ ఎర్ల్ పెద్ద కొడుకును మాత్రం ఇప్పటికీ 'వైకౌంట్ క్లైవ్' అనే పిలుస్తారు.