స్క్రీన్ టైమ్, మనసు: కౌన్సెలింగ్ గదిలో నేను రోజూ వినే అపోహలు

అపోహ: ఎన్ని గంటలు చూస్తే అంత నష్టం.

తల్లిదండ్రులు రాగానే చెప్పేది గంటల లెక్కే. "రోజుకు ఐదు గంటలండీ!" అంటారు. ఆ ఐదు గంటలూ ఏం చేస్తున్నారని అడిగితే మాత్రం జవాబుండదు. 2019లో ఆర్బెన్, ప్రిజిబిల్‌స్కీ అనే పరిశోధకులు మూడున్నర లక్షల మందికి పైగా టీనేజీ పిల్లల సమాచారం పరిశీలిస్తే, వాళ్ల మానసిక స్థితిలో ఉన్న తేడాల్లో డిజిటల్ వాడకంతో ముడిపడింది మహా అయితే 0.4 శాతమే. అయితే అది సగటు. సగటును చూపించి ఏ ఒక్క పిల్లకీ ఫరవాలేదని చెప్పలేం.

అందుకే నేను ఫోన్లోనే స్క్రీన్ టైమ్ పేజీ తెరిపిస్తాను. నోటితో చెప్పే అంచనాకూ ఫోన్ నమోదు చేసిన దానికీ పొంతన తక్కువ. ఏ యాప్‌లో, ఏ వేళలో అన్నది ఇద్దరం కూర్చుని చూస్తాం. ఒకరికి నాలుగు గంటలూ స్నేహితులతో కబుర్లకీ, బొమ్మలు వేయడం నేర్చుకోవడానికీ పోయి ఉంటాయి. ఇంకొకరిది ఒక్క గంటే. కానీ ఆ గంటంతా అర్ధరాత్రి దాటాక, తనతో మాటలు మానేసిన స్నేహితురాలి ఫొటోలు మళ్లీ మళ్లీ తిరగేయడమే. నాకు బెంగ ఈ రెండో మనిషి గురించే.

అపోహ: ఇది డోపమైన్ వ్యసనం, వారం రోజుల 'డిటాక్స్'తో (ఫోన్ పూర్తిగా మానేయడంతో) వదిలిపోతుంది.

డోపమైన్ మన మెదడులో తయారయ్యే రసాయనం. ఉపవాసం చేస్తే దిగిపోవడానికి అది విషమేమీ కాదు. కదలడానికీ, నేర్చుకోవడానికీ అది కావాలి. ఇక 'అడిక్ట్' అన్న మాట పిల్లల ముందు వాడొద్దని గట్టిగానే చెబుతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11, 2022లో అమల్లోకి వచ్చింది. అందులో గేమింగ్ డిజార్డర్ ఉంది, ఫోన్ వ్యసనం లేదు. గేమింగ్ విషయంలోనూ ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నీ వెనకబడటం, నష్టం తెలుస్తున్నా ఆపలేకపోవడం మామూలుగా 12 నెలలైనా కనిపించాలి. సెలవుల్లో రెండు వారాలు ఆడితే ఆ ముద్ర వేసేయకూడదు.

మరి తగ్గిస్తే లాభం లేదా? ఉంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం 143 మంది విద్యార్థులతో చేసిన ఒక ప్రయోగం ఫలితాలు 2018లో వెలువడ్డాయి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్ ఒక్కోదాన్నీ రోజుకు 10 నిమిషాలకు పరిమితం చేసినవాళ్లలో మూడు వారాలకు ఒంటరితనం తగ్గింది. మొదట్లో కుంగుబాటు ఎక్కువగా ఉన్నవాళ్లకు అదీ తగ్గింది. వాళ్లెవరూ పూర్తిగా మానేయలేదని గమనించండి.

అపోహ: నైట్ మోడ్ పెడితే నిద్రకు ఢోకా లేదు.

తెర రంగు మారినంత మాత్రాన "ఇదొక్కటీ చూసి పడుకుంటా" అనే బేరం ఆగదు. ఛార్జర్‌ను పడకగది బయట పెట్టండి. అలారం కోసం ఫోన్ కావాలంటారు. విడిగా ఒక అలారం గడియారం కొనుక్కోండి.

అపోహ: ఫోన్ లాక్కుంటే సరి.

బాధ చెప్పుకునే మనిషి ఆ ఫోన్లోనే ఉంటే? లాక్కునే ముందు అది అడిగి తెలుసుకోండి. నిద్ర, తిండి, చదువు, స్నేహాలు వారాల తరబడి దెబ్బతింటుంటే సైకాలజిస్టును కలవండి. బతకాలని లేదన్న మాట వినబడితే స్క్రీన్ లెక్కలన్నీ పక్కన పెట్టి, పిల్లను ఒంటరిగా వదలకుండా, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.